ఇంటి కరెంటు పెట్టె – రెండు భయముల చరిత్ర

పట్టణములో గాని పల్లెలో గాని, విద్యుద్దీపమున్న ప్రతి ఇంటిలోను, వీథి తలుపు ప్రక్కనో, మెట్ల క్రిందనో, వసారా గోడమీదనో ఒక పెట్టె యుండును. మీటరునుండి వచ్చిన తీగ అందులో దూరి, పాయలుగా చీలి, గదులకును వంట ఇంటికిని నీళ్ళ పంపునకును పోవును. ఫ్యూజు పోయిన నాడు తప్ప ఆ పెట్టెవంక మనము కన్నెత్తి చూడము. అది దేనితో చేయబడినదని ఎవరైన అడిగినచో, మనలో పెక్కుమంది లేచి వెళ్ళి చూచి రావలసినదే.

ఐనను ఆ చిన్న ప్రశ్నపై – పెట్టె చెక్కదై యుండవలయునా, ఇనుపదై యుండవలయునా, ప్లాస్టిక్కుదై యుండవలయునా యనుదానిపై – 140 సంవత్సరములకు పైగా ఇంజనీర్లును, బీమా కంపెనీలవారును, అగ్నిమాపక దళములవారును తర్కించుచునే యున్నారు. ఒక దేశము తప్పనిసరి యన్నదానిని ప్రక్క దేశము అక్కరలేదనుచున్నది. ఒకే దేశములో తండ్రులు మేలని పెట్టించుకొన్నదానిని కొడుకులు తీసివేయుచున్నారు. ఇట్టి విరుద్ధ నియమములు చూచి, "పెద్దలకే తేలనిది మనకేమి తేలును" అని సామాన్య గృహస్థుడు చేతులు దులుపుకొనును. అట్లు దులుపుకొన నక్కరలేదని మా మనవి. ఈ విరోధము వెనుక స్పష్టమైన కారణమొకటి కలదు. దానిని తెలిసికొన్నవాడు తన ఇంటి పెట్టెనుగూర్చి ఏ ప్రశ్న వేయవలయునో ఎరుగును.

ఈ తగవు మొదట పుట్టినదియు, ఇటీవల మరల రగిలినదియు ఇంగ్లండు దేశములో. కావున కథ నక్కడనుండియే ప్రారంభింతము.

1881వ సంవత్సరము. లండనునకు ఉత్తరమున హాట్‌ఫీల్డ్ అను భవనము కలదు. దాని ప్రభువు సాలిస్‌బరీ. తరువాతి కాలమున ఇంగ్లండునకు ముమ్మారు ప్రధానమంత్రియైనది ఈయనయే. రాజకీయములతోపాటు విజ్ఞానశాస్త్ర ప్రయోగములపై ఈయనకు మక్కువ మెండు. నది యొడ్డున గల రంపపు మిల్లులోని నీటి చక్రముచే విద్యుత్తును పుట్టించి, తీగలమీదుగా భవనమునకు తెప్పించి దీపములు వెలిగించెను. ఆ తీగలకు నేటి తీగలవంటి మేలైన తొడుగు లేదు. పొడవాటి హాలులో కప్పునంటియున్న తీగ అప్పుడప్పుడు నిప్పులు గ్రక్కెడిది. క్రింద కూర్చుండిన కుటుంబమువారు దిండ్లు పైకి విసరి ఆ మంట నార్పి, ఏమియు జరుగనట్లు మరల కబుర్లలో పడెడివారట. ఈ ముచ్చట ఆ ఇంటి ఆడపడుచు తండ్రి జీవితచరిత్రలో వ్రాసియుంచినది. వినుటకు నవ్వు వచ్చును. కాని అదే సంవత్సరము డిసెంబరులో, అదే ఎస్టేటులో, తోటపనివాడొకడు తీగను తాకి ప్రాణములు విడిచెను.

ఒకే ఇల్లు, ఒకే విద్యుత్తు, రెండు ప్రమాదములు. ఒకటి నిప్పు, రెండవది షాకు. మేము చెప్పబోవు చరిత్ర యంతయు ఈ రెండు భయముల నడుమ జరిగిన ఊగిసలాటయే.

ఆ కాలమున జనులకు మొదటి భయమే యెక్కువ. దానికి కారణము విద్యుత్తు కాదు, గ్యాసు దీపములు. ఆ డిసెంబరు 8వ తేదీననే వియన్నా నగరములో రింగ్ థియేటరు గ్యాసు దీపములనుండి అంటుకొని వందలమంది ఆహుతియైరి. ఆ వార్త చల్లారకమునుపే, డిసెంబరు 28న, లండనులోని సవాయ్ నాటకశాల రంగస్థలమునకు విద్యుద్దీపములు పెట్టిరి. నాటకశాల యజమానియగు రిచర్డ్ డాయ్‌లీ కార్ట్ రంగముమీదికి వచ్చి, వెలుగుచున్న దీపమునకు పలుచని బట్ట చుట్టి, సుత్తితో పగులగొట్టెను. దీపమారెను గాని బట్ట అంటుకొనలేదు. ప్రేక్షకులు హర్షధ్వానములు చేసిరి. విద్యుత్తునకు నిప్పు భయము లేదని నాటి ప్రకటనకారులు చాటిరి. హాట్‌ఫీల్డ్ భవనములో దిండ్లు విసరినవారికి మాత్రము నిజము తెలియును.

నిజము తెలిసినవారు మరికొందరు గలరు. వారు బీమా కంపెనీలవారు. ఇల్లు కాలినచో సొమ్ము చెల్లించవలసినది వారే గదా. లండనులోని ఫీనిక్స్ అగ్ని బీమా కంపెనీ ఇంజనీరగు మస్‌గ్రేవ్ హీఫీ 1882లో విద్యుద్దీపముల అమరికకు నియమములు వ్రాసి ప్రకటించెను. అదే సంవత్సరము జూన్ 21న, టెలిగ్రాఫ్ ఇంజనీర్ల యొక్కయు ఎలక్ట్రీషియన్ల యొక్కయు సంఘము తన నియమములను వెలువరించెను. ఆ సంఘము వారు నియమించిన ఉపసమితిలో విలియం థామ్సన్, విలియం క్రూక్స్, డేవిడ్ హ్యూస్, జాన్ హాప్‌కిన్సన్, క్రాంప్టన్, ప్రీస్ వంటి దిగ్దంతులుండిరి. ఈ థామ్సనే తరువాత కెల్విన్ ప్రభువుగా ప్రసిద్ధికెక్కెను. అంతటివారు కూడి వ్రాసినది ఎన్ని పుటలు? నాలుగే నాలుగు పుటలు. దానికి పెట్టిన పేరు కూడ విద్యుద్దీపములవలన కలుగు అగ్నిప్రమాదములను నివారించు నియమములనియే.

ఆ నాలుగు పుటలలో రెండు మాటలను మనము ముడివేసి దాచుకొనవలయును. మొదటిది: ప్రతి స్విచ్చియొక్క పీఠము పలకరాతితోనో, పింగాణివంటి కాల్చిన మట్టితోనో, కాలని మరియొక పదార్థముతోనో చేయబడవలయునని వారు విధించిరి. రెండవది: విద్యుత్తువలన కలుగు చిక్కులు కంటికి కనబడక లోలోపల దాగియుండుననియు, తీగలను కలిపిన చోట అతుకు సరిగా లేనిచో శక్తి వృథాయై ప్రమాదకరమైన వేడి పుట్టుననియు పీఠికలో హెచ్చరించిరి. అనగా వ్యాధి యేదో, దానికి కాపు ఏదో తొలినాడే చెప్పివేసిరన్నమాట. వ్యాధి వదులు అతుకు. కాపు కాలని పీఠము.

ఐతే నియమములు రెండు చోట్లనుండి వచ్చుటచే గృహస్థునకు తొలి చిక్కు అప్పుడే వచ్చెను. సంఘమువారి పుటలొక వైపు, బీమా కంపెనీవారి పుటలొక వైపు. హీఫీగారి నియమములు కూర్పు వెంట కూర్పుగా వెలువడుచునే యుండెను. అట్లాంటిక్ సముద్రమున కావల అమెరికాలో ఈ గందరగోళము మరింత ముదిరెను. 1895 నాటికి ఆ దేశములో విద్యుత్తు అమరికకు ఐదు వేర్వేరు నియమావళులు వాడుకలో నుండెను. ఒకదానిని పాటించిన పనివాడు మరియొకదాని ప్రకారము తప్పు చేసినవాడగును. తుదకు 1896లో అన్ని పక్షములవారును న్యూయార్కులో సమావేశమై, ఐదింటిని వడపోసి, 1897లో ఒక్క జాతీయ నియమావళిగా కూర్చిరి. అంతకు మూడేండ్ల ముందే, చికాగో ప్రపంచ ప్రదర్శనలోని విద్యుత్తు భవనమునకు నిప్పు భయము లేకుండ చూచుటకై వచ్చిన విలియం హెన్రీ మెరిల్ అను యువ ఇంజనీరు, వస్తువులను పరీక్షించుటకొక ప్రయోగశాల నెలకొల్పెను. 1894 మార్చి 24న ఆ ప్రయోగశాలలో జరిగిన మొదటి పరీక్ష దేనిమీద? కాలని విద్యున్నిరోధక పదార్థముమీద. ప్రశ్న అప్పుడును అదియే.

పలకరాయి మేలనిరి గదా. మరి ఇండ్లలోనికి చెక్క ఎట్లు వచ్చెను? పలకరాయి బరువు; తొలుచుట కష్టము; కొన్ని రాళ్ళలో లోహపు చారలుండి వానిగుండ కరెంటు ప్రవహించును. ఇనుప పెట్టె పెట్టుదమన్నచో, లోపలి తీగ ఊడి పెట్టెను తాకిననాడు పెట్టె యంతయు షాకు కొట్టును. అప్పుడు హాట్‌ఫీల్డ్ తోటపనివాని గతి గుర్తునకు వచ్చును. చెక్క చౌక, మరమేకు సులువుగా దిగును, పొడిగా నున్నంతవరకు షాకు కొట్టదు. కావున రెండవ భయము ముందుకు వచ్చినకొలది మొదటి భయము వెనుకకు తగ్గెను. కాలని పీఠము కావలయునన్న మాట పుస్తకములోనే మిగిలెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇంగ్లండులో ఇంటింట అమర్చిన ఫ్యూజు పెట్టెలలో చెక్క చట్రముగలవి కూడ నుండెను.

మన దేశమునందు చెక్కకు ఇంకను గౌరవము దక్కినది. చిన్న ఇండ్లకు, ఒకే ఫేజు సరఫరా గలచోట, బాగుగ ఎండిన టేకుతో చేసి వార్నీషు పట్టించిన పెట్టెలను మెయిన్ బోర్డుగా వాడవచ్చునని మన పాత ప్రమాణములే అంగీకరించినవి. మూలల అతుకులు గూడ ఎట్లుండవలయునో వర్ణించినవి. ఇనుప తొడుగులకైతే 1956 నాటి భారత విద్యుత్ నియమములు ఎర్తు తీగ తప్పనిసరి చేసెను. చెక్కకా బాధ లేదు. మన పాత ఇండ్లలో టేకు పలకమీద తెల్లని పింగాణి ఫ్యూజులు, నల్లని గుండ్రని స్విచ్చులు బారుగా నిలిచియుండుట మనలో చాలమంది చూచినదే. షాకునకు అది మంచి కాపు. నిప్పునకు మాత్రము అది ఎండు కట్టెయే.

అమెరికాలో స్థిరపడిన బెల్జియం దేశీయుడు లియో బేక్‌లాండ్ 1907లో కనిపెట్టి 1909లో లోకమునకు చాటిన బేకలైటు ఈ రెండు భయములకును మధ్యేమార్గము చూపినట్లుండెను. అది షాకు కొట్టదు, వేడికి కరగదు, మంటకు మాడి బొగ్గగునే గాని మైనమువలె కారదు. కాని అది పెళుసు, పడినచో పగులును. క్రమముగా దాని స్థానమును, వేడికి మెత్తబడు నూతన ప్లాస్టిక్కులు ఆక్రమించెను. ఇరువదియవ శతాబ్ది చివరి దశాబ్దములలో ఇంగ్లండు ఇండ్లలో తెల్లని ప్లాస్టిక్కు పెట్టె సర్వసాధారణమయ్యెను. తేలిక, చౌక, త్రుప్పు పట్టదు, ఎర్తు చేయ నక్కరలేదు, చూడ ముచ్చటగా నుండును. షాకు భయము పూర్తిగా గెలిచినట్లే యుండెను.

అంతలో లండను అగ్నిమాపక దళమువారి లెక్కలలో ఒక విషయము బయటపడెను. ఇండ్లలో ఈ పెట్టెలనుండి పుట్టిన మంటలు హెచ్చుచున్నవి. అక్కడి ఇండ్లలో పెట్టె తరచుగా ఎక్కడ నుండును? చెక్క మెట్ల క్రింది అరలో. ఆ అరలో ఇంకేమి యుండును? చలికోటులు, పాత పత్రికలు, చీపుళ్ళు. మేడమీద నిద్రించుచున్నవారికి క్రిందికి దిగు దారి యేది? ఆ మెట్లే. అర్ధరాత్రి పెట్టె అంటుకొన్నచో తప్పించుకొను త్రోవయే మొదట కాలును. నియమముల తగవు కాగితముమీది తగవు కాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

మంటలకు మూలమేమని పరిశోధింపగా దొరికినది క్రొత్త విషయము కాదు. 1882 నాటి పీఠికలోనిదే. సరిగా బిగింపని మరమేకు, వదులైన అతుకు. ఇచ్చట కొంచెము లెక్క చెప్పుటకు శ్రోతలు అనుమతింపవలయును. గట్టిగా బిగించిన అతుకులో నిరోధము లేనట్లే. అది వదులై, ఒక ఓములో పదియవ వంతు నిరోధ మేర్పడినదనుకొందము. ఆ ఇంట నీళ్ళు కాగు యంత్రము, పొయ్యి మొదలైనవి కలిసి 40 ఆంపియర్లు లాగుచున్నవి. అప్పుడు ఆ మరమేకు క్రింద పుట్టు వేడి 160 వాట్లు. తగరము కరగించి అతుకులు వేయు చిన్న సోల్డరింగు కడ్డీకి ఇందులో సగము కూడ నక్కరలేదు. అంత వేడి బొటనవ్రేలి గోరంత చోట గంటల తరబడి నిలిచినచో చుట్టునున్న ప్లాస్టిక్కు ఏమగునో ఊహింపవచ్చును.

మరి ఫ్యూజు పోదా యని మీరడుగవచ్చును. పోదు. ఫ్యూజుగాని, నేటి ఎం.సి.బి.గాని కరెంటు మితిమీరినప్పుడే తెగును. వదులు అతుకులో ప్రవహించు కరెంటు మితిమీరినది కాదు. వేడి మాత్రమే మితిమీరినది. ఎర్తు లీకేజి బ్రేకరు కూడ తెగదు. కరెంటు దారి తప్పి భూమిలోనికి పోవుట లేదు గదా. కాపలాదారులందరు మేలుకొనియే యుందురు. దొంగ వారి యెదుటినుండియే దర్జాగా నడచిపోవును.

అందుచే ఇంగ్లండువారు కాలని పెట్టెను మరల తలచుకొనిరి. అక్కడి విద్యుత్తు అమరిక నియమములు 1992నుండి జాతీయ ప్రమాణముగా వెలువడుచున్నవి. వానికి 2015 జనవరిలో ప్రకటించిన మూడవ సవరణలో ఒక క్రొత్త నియమము చేరెను. 2016 జనవరి 1వ తేదీనుండి ఇండ్లలో అమర్చు ఇట్టి పెట్టెలు కాలని పదార్థముతో చేసినవై యుండవలయును, లేదా కాలని పదార్థముతో చేసిన మరియొక అరలో నుంచబడవలయును. ఉక్కు అట్టి పదార్థమునకు ఉదాహరణమని క్రింద సూచన యిచ్చిరి. 1882లో స్విచ్చి పీఠమునకు చెప్పిన మాట 133 సంవత్సరములు తిరిగి పెట్టెకు వచ్చి చేరెను.

ఇచ్చటినుండి అసలు విరోధములు మొదలాయెను.

మొదటి విరోధము పరీక్షలది. ఆ ప్లాస్టిక్కు పెట్టెలు దొంగతనముగా అమ్మినవి కావు. ఐరోపా దేశములన్నిటికిని ఉమ్మడియైన ప్రమాణము ప్రకారము పరీక్షింపబడినవే. ఆ పరీక్షలో ఎఱ్ఱగా కాల్చిన తీగ మొనను 30 సెకండ్లు ప్లాస్టిక్కునకు ఆనించి తీసివేయుదురు. తరువాత 30 సెకండ్లలో మంట తనంతట తానారవలయును. కరెంటు భాగములను పట్టియుంచు ముక్కలకు తీగ వేడి 960 డిగ్రీలు. గుల్ల గోడలలో అమర్చు పెట్టెలకు 850. తక్కిన భాగములకు 650. 960 డిగ్రీలకు నిలిచినది కాలని పదార్థమే గదా యని తయారీదారులలో కొందరికి తోచెను. కాని కాలదనుట వేరు, అంటుకొన్నను ఆరుననుట వేరు. కాలని పదార్థమును తేల్చుటకు వేరొక పరీక్ష గలదు. అందులో ముక్క మొత్తమును 750 డిగ్రీల కొలిమిలో దించుదురు. చిన్న తీగ మొనకు 960 డిగ్రీలవద్ద నిలిచిన ప్లాస్టిక్కు 750 డిగ్రీల కొలిమిలో నిలువదు. సంఖ్య పెద్దదైనంత మాత్రమున పరీక్ష పెద్దది కాదు. పైగా క్రొత్త నియమములో "కాలని పదార్థము" అనగా నేమో నిర్వచనమే యీయలేదు. ఉక్కును ఉదాహరించి ఊరకుండిరి. ఆ మాటకు అర్థము చెప్పుటకు తయారీదారుల సంఘమువారు వేరుగా వివరణ పత్రము వెలువరింపవలసి వచ్చెను. 960 డిగ్రీల పరీక్షలో గెలిచిన ప్లాస్టిక్కు దీనికి చెల్లదని అందులో తేల్చిరి.

రెండవ విరోధము దేశములది. ఇంగ్లండు నియమావళిలో ఈ నియమము సంఖ్య 201తో ముగియును. అట్టి సంఖ్య గలది తమ దేశమునకే ప్రత్యేకము, ఐరోపా ఉమ్మడి పాఠములోనిది కాదని గుర్తు. ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ దేశముల ఇండ్లలో ప్లాస్టిక్కు పెట్టెలు నేటికిని నిరాటంకముగా అమర్చబడుచున్నవి. వారు మూర్ఖులు కారు. వీరు పిరికివారు కారు. అమెరికావారిది మరియొక త్రోవ. పెట్టె దేనితో చేసినదని మాత్రమే చూచి ఊరకుండక, దాని చుట్టునున్నదేమని వారడుగుదురు. బట్టల అరలో ఫ్యూజు పెట్టె నుంచరాదని వారి నియమావళి శాసించును. ఇంగ్లండువాడు చలికోటుల నడుమ ఉక్కు పెట్టె పెట్టుకొనును. అమెరికావాడు కోటులున్నచోట పెట్టెనే పెట్టనీయడు.

మూడవది చాల చిత్రమైనది. ఆ నియమము ఇంటివారి పెట్టెకే గాని, దాని ప్రక్కనే యున్న మీటరునకును, సరఫరా కంపెనీవారి మెయిన్ ఫ్యూజునకును వర్తింపదు. అవి కంపెనీ సొత్తు; ఈ నియమావళి పరిధిలోనివి కావు. వాని తొడుగులు ప్లాస్టిక్కువో బేకలైటువో యగును. ఒకే చెక్క పలకమీద, జానెడు దూరములో, ఒక పెట్టె ఉక్కుదై యుండితీరవలయును, రెండవది ప్లాస్టిక్కుదైనను తప్పు లేదు. నిప్పునకు ఈ సరిహద్దు తెలియదు గదా.

నాలుగవ విరోధము మనకు చాల దగ్గరిది. ఉక్కు పెట్టెను పెట్టగానే పాత భయము మేలుకొనెను. ఇంగ్లండులో పల్లెటూళ్ళలోని కొన్ని ఇండ్లకు కంపెనీవారు ఎర్తు తీగ నీయరు. ఇంటివారే నేలలో కడ్డీ పాతుకొందురు. ఆ కడ్డీ నిరోధము 50 ఓములనుకొందము. మీటరునుండి వచ్చు తీగ పెట్టెలోనికి దూరుచోట ఒరసికొని ఉక్కును తాకినచో, 230 వోల్టులవద్ద భూమిలోనికి పోవునది 4.6 ఆంపియర్లు మాత్రమే. 60 ఆంపియర్ల మెయిన్ ఫ్యూజు దానిని లెక్కింపదు. పెట్టె లోపలనున్న ఎర్తు లీకేజి బ్రేకరు తన తరువాతి తీగలనే కాచును గాని తన ముందరి తీగను కాచలేదు. తలుపు ప్రక్కనున్న ఉక్కు పెట్టె ఇంచుమించు 230 వోల్టులతో నిలిచియుండును. ముట్టినవాని గతి చెప్పనక్కరలేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అందుచే అట్టి ఇండ్లలో లోనికి వచ్చు తీగకు రెండు తొడుగులుండవలయుననియు, దానిని కదలకుండ బిగింపవలయుననియు, దూరు రంధ్రముల అంచులు నున్నగా నుండవలయుననియు మరికొన్ని జాగ్రత్తలు చెప్పిరి. ఒక భయమునకు వేసిన మందు రెండవ భయమును లేపినపుడు దానికి మరల వేరొక మందు కావలసి వచ్చెను.

కాబట్టి మాకు తోచిన తీర్పిది. ఈ నియమములు ఒకదానితో నొకటి పోరాడుట వ్రాసినవారి అజ్ఞానముచే కాదు. ప్రతి నియమమును ఒక చావును జ్ఞాపకముంచుకొని పుట్టినది. ప్లాస్టిక్కు పెట్టె తీగను తాకి చచ్చినవానిని జ్ఞాపకముంచుకొన్నది. ఉక్కు పెట్టె నిద్రలో కాలిపోయినవారిని జ్ఞాపకముంచుకొన్నది. ఏ నియమమును చూచినను, ఇది ఎవరిని కాచుటకు పుట్టినది, ఎవరిని మరచినది అని అడిగినచో విరోధములోని చిక్కు చాలవరకు విడిపోవును.

ఇక మన ఇండ్ల మాట. 1956 నాటి నియమముల స్థానమున కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారి భద్రతా నిబంధనలు 2010లోను, మరల 2023లోను వచ్చినవి. మన బజారులలో ఉక్కు పెట్టెయు దొరకును, ప్లాస్టిక్కు పెట్టెయు దొరకును. పాత ఇండ్లలో టేకు పెట్టెయు నిలిచియున్నది. ఇంగ్లండులో ఉక్కు తప్పనిసరియని విని మనము కూడ ఉక్కు పెట్టె తెచ్చి తగిలించుట మంచిదేనా? అది మన ఎర్తును బట్టి యుండును. మనలో చాలమంది ఇండ్లకు ఎర్తనగా పెరటిలో బొగ్గును ఉప్పును వేసి పూడ్చిన గుంటయే. గృహప్రవేశము నాడు పోసిన నీళ్ళే దానికి కడపటి నీళ్ళు. మండువేసవిలో నేల ఎండి బీటలు వారినపుడు దాని నిరోధమెంతయో కొలిచినవాడు లేడు. అట్టి ఎర్తును నమ్మి ఉక్కు పెట్టె పెట్టుట, ఇంగ్లండువారి నియమములో సగము తెచ్చుకొని సగము వారియొద్దనే విడిచిపెట్టి వచ్చుట యగును.

ఉక్కు పెట్టె గలవారు ఎర్తును ఏడాదికొకసారి కొలిపించుకొనవలయును. తీగలు దూరిన తరువాత మిగిలిన రంధ్రములను మూయింపవలయును. నోరు తెరచియున్న ఉక్కు పెట్టె మంటను లోపల నిలుపలేదు. ప్లాస్టిక్కు పెట్టె గలవారు దానిని చూచి బెదరి పెరికివేయ నక్కరలేదు. ఇంగ్లండులో కూడ పాత పెట్టెలను తక్షణమే తీసివేయవలయునని ఆ నియమము చెప్పలేదు. కాని దానిచుట్టు పాత పత్రికలు, బట్టలు, సంచులు పేర్చరాదు. టేకు పెట్టె గలవారు మాత్రము మార్పించుకొనుట మేలు.

పెట్టె దేనిదైనను అందరికిని సమానమైన పని యొకటి గలదు. అది మరమేకుల బిగింపు. వీథి స్తంభమునుండి మన ఇంటికి వచ్చు తీగ తరచుగా అల్యూమినియముది. మరమేకు క్రింద నలిగిన అల్యూమినియము కాలక్రమమున మెల్లగా ప్రక్కకు జారి, బిగింపు దానంతటదియే వదులగును. నాడు గట్టిగా బిగించితిమి గదా యను ధైర్యము చాలదు. పెట్టె మూత ముట్టినచో వెచ్చగా నుండుట, లోపల చిటపట శబ్దము, చేప కుళ్ళినట్టి వాసన, తీగ తొడుగు గోధుమ రంగునకు తిరుగుట, దీపములు కారణములేక రెపరెపలాడుట – ఇవి వదులు అతుకు పంపు కబుర్లు. ఇందులో ఏది కనబడినను మెయిన్ స్విచ్చి ఆపి, లైసెన్సు గల పనివానిని పిలువవలయును. మనమే మూత తీసి చేయి పెట్టరాదు; మెయిన్ స్విచ్చి ఆపినను మీటరునుండి వచ్చు తీగలో కరెంటు నిలిచియే యుండును.

కెల్విన్ వంటి మహామహులు కూడి వ్రాసిన ఆ నాలుగు పుటలు ఈనాడు వందలకొలది పుటల గ్రంథమైనవి. పుటలు పెరిగినను, పీఠికలో వారు చెప్పిన కనబడని వేడి, చెడిన అతుకు అక్కడనే యున్నవి. పెట్టెనుగూర్చి దేశదేశముల పెద్దలు ఇంకను వాదించుకొనుచునే యుందురు. ఆ వాదము తేలువరకు ఆగనక్కరలేని పని మనకొకటి గలదు. రేపు ప్రొద్దున మీ ఇంటి పెట్టెవంక ఒకసారి చూడుడు. ఆ మరమేకులు కడపట ఎప్పుడు బిగించిరో ఇంటిలో ఎవరికైనను జ్ఞాపకమున్నదేమో అడుగుడు.